సిరాస్టాండు అడుగున పేరు

మధ్యాహ్నం మూడింటికి, నరసరావుపేటలో ఇన్నయ్య వడ్రంగి కొట్టుకు దయామణి వచ్చింది. ఆమె మొగుడు జయకర్, ఇన్నయ్యకు పాతికేళ్ళ స్నేహితుడు, పోయి నెలయింది.

"పోయే ముందు ఇది నీకిమ్మన్నాడు మరిదీ. ఏందో నేను విప్పలా," అని తువ్వాలు మూట బల్ల మీద పెట్టి, మబ్బు చూసి గబగబా వెళ్ళిపోయింది.

ఇన్నయ్య మూట విప్పాడు. నాన్న చేసిన సిరాస్టాండు! జిట్రేగి చెక్క. గాజు బుడ్లకు రెండు గుంటలు, కలాలకు గాడి, కింద బుల్లి సొరుగు. ఒక్క మేకు లేదు, మూలల్లో చెక్క పళ్ళే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నాన్నది ఎడమచేతి వాటం. ఆయన ఉలి గాటు అందరి గాటుకూ ఎదురు వాలుగా ఉంటుంది.

అప్పట్లో నమూనా చూసుకుంటానని, తనూ వడ్రంగే అయిన జయకర్ పట్టుకెళ్ళాడు. తన కొట్టు అంటుకుని అదీ కాలిపోయిందన్నాడు. మంచాన పడ్డ నాన్న, "ఒక్కసారి చూపించరా" అని అడిగి అడిగి పోయాడు. శవం దగ్గర అందరికన్నా ఎక్కువ ఏడ్చింది జయకరే.

ఇన్నయ్య దాన్ని తిరగేశాడు. అడుగున చెక్కి ఉంది, జయకర్ అని.

"నా పక్కన కూచుని టీ తాగావు గదరా ద్రోహీ!" ఇన్నయ్యకు కడుపు మండిపోయింది. నాన్న పనికి వీడి పేరా?

చిత్రిక అందుకున్నాడు. అంతలో కరెంటు పోయింది. రేకుల మీద వాన మొదలైంది. పేరు పొట్టుగా రాలిపోతుంటే, ఎండిపోయి ఏళ్ళయిన గుంటల్లోంచి సిరా వాసన గుప్పున కొట్టింది.

నున్నగా అయిందో లేదోనని చేత్తో తడిమాడు.

గాట్లు తగిలాయి. అదే పేరు... ఇంకా లోతుగా.

మళ్ళీ చిత్రిక పట్టాడు. మళ్ళీ అదే పేరు.

వెనక బెంచీ కిర్రుమంది. జయకర్ ఎప్పుడూ కూచునే బెంచీ.

"ఇంకొక్క పొర తియ్యి... చిన్నోడా."

చటుక్కున తిరిగాడు. ఎవరూ లేరు. గొంతు జయకర్‌ది కాదు. చిన్నోడా అని తనని పిలిచింది నాన్న ఒక్కడే. ఒక్కగానొక్క కొడుకుని చిన్నోడా అని ఎందుకంటాడో, యాభై ఏళ్ళలో ఒక్కసారీ అనుమానం రాలేదు.

వద్దనుకుంటూనే ఇంకొక్క పొర తీశాడు. సెల్‌ఫోన్ లైటు వేశాడు.

ఈసారి పేరు లేదు. ఒకటే మాట.

పెద్దోడికి.

గాట్లన్నీ ఎదురు వాలుగా ఉన్నాయి. ఎడమచేతి గాట్లు.

ఆ రోజుల్లో నాన్న "చూపించరా" అన్నది తన వంక చూసి కాదు. మంచం పక్కన నిలబడ్డ జయకర్ వంక చూసి. ఆ పెద్దోడెవరో ఇద్దరికీ తెలుసు. తనొక్కడికే తెలియదు. ఇన్నయ్యకు ఏడుపొచ్చింది. అది నాన్న మీద కోపమో, ఏమో.

గాటు మీద వేలు పెట్టాడు. తడి. వేలికి నల్లగా అంటింది.

వెనక బెంచీ మళ్ళీ కిర్రుమంది...

ఒకరు జరిగి, రెండోవాళ్ళకు చోటిచ్చినట్టు.