ముప్ఫై రెండో పేరు

రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కాకపోతే ముందు బటన్ల అత్త నోటి సంగతి చెప్పాలి. కుట్టుపని ఆవిడది. ఫోన్ చేసి "బాగున్నావా" అన్నామా, పొయ్యి మీది గిన్నె మాడి, చల్లారి, తోమి బోర్లించేదాకా వదలదు. ఆవిడ పేరు కనిపిస్తే ఊళ్ళో పెద్దమనుషులు కూడా ఫోను దిండు కింద దాచేవాళ్ళు.

తుఫాను బావకి ఆ వీల్లేదు. హెచ్చరికల గదిలో గుమాస్తా. వాతావరణ కేంద్రం నుంచి కబురు రాగానే ఒడ్డునున్న ముప్ఫై ఒక్క ఇళ్ళకీ ఫోన్ చేయాలి. అవతల "విన్నాం" అన్నాకే పేరు పక్కన టిక్కు పెట్టాలి. అత్తది చివరి పేరు. నీళ్ళకి దగ్గరిల్లు.

ఆ మధ్యాహ్నం తుఫాను దారి మార్చుకుని ఇటే వస్తోందన్నారు. ముప్ఫై ఇళ్ళకి చెప్పేసరికి బావకి ఆకలేసింది. అత్త పేరు పక్కన ఊరికే టిక్కు కొట్టి క్యారేజీ మూత తీశాడు.

సాయంత్రానికి ఆ ఇల్లు లేదు. గుమ్మం కూడా లేదు.

మర్నాడు తుఫాను బాధితుల శిబిరంలోకి తల దించుకుని వెళ్ళాడు. బెంచీ మీద అత్త!

"అల్లుడూ, నువ్వు ఫోన్ చేయకపోతే పోయేదాన్నిరా!"

అందరూ చప్పట్లు. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పులకేసి చూస్తూ, "నా పని నేను చేశాను" అన్నాడు.

అత్త దగ్గరికి జరిగి గుసగుసగా అడిగింది. "నీ గొంతేంట్రా... నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు? ఒకటే మాట... 'లే అత్తా... నీ చోట నేనుంటా' అని."

గదికి పరిగెత్తి ఫోను చూశాడు. అత్తకి కాల్ వెళ్ళింది. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ అతను ఆ ఫోను పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు.

ఎవరికీ చెప్పలేదు. సన్మానం చేస్తామంటే శాలువా కూడా కప్పించుకున్నాడు.

నెల తిరక్కుండా ఇంకో తుఫాను. ఈసారి మొదటి ఫోన్ అత్తకే. పెట్టేయగానే మోగింది... బుడబుడ... ఉప్పు వాసన... అవతల అతని గొంతే.

"నిజం చెప్పావా?"

"...లేదు."

"మరి... విన్నావా?"

ఆ తుఫాను తీరం తాకలేదు. ఊళ్ళో చినుకు పడలేదు. బావ కుర్చీలోనే పోయాడు. బట్టలు పొడిగా ఉన్నాయి. ఊపిరితిత్తుల్లో ఉప్పునీళ్ళున్నాయని డాక్టరు రాశాడు.

జాబితాలో అత్త కింద ఇంకో పేరుంది. బావదే, అతని చేతిరాతే. పక్కన టిక్కు. సిరా ఇప్పటికీ ఆరలేదు.