పక్కబల్ల మందు

వాషింగ్టన్ నుంచి ఫోన్లో హచిన్స్ గొంతు ఖంగుమంది.

"టిస్‌డేల్, సోమవారం సాక్ష్యం చెప్పేదాకా ఆ ముసలాయన బతికుండాలి. ఆర్కిడ్ ముఠా షూటర్ని దింపింది. కొండల మీద మనవాళ్ళని పెట్టాం. షూటర్ కనబడితే కోడ్ వర్డ్: గాలి తిరిగింది."

"ఈ కోడ్ ఎవరు పెట్టారు సార్?"

"కమిటీ."

"అనుకున్నా."

ముసలాయన ఆరిన్ లుండ్‌క్విస్ట్, రిటైరైన రాడార్ ఇంజినీరు. ముఠాకి రహస్యాలమ్మిన పెద్దమనిషిని గుర్తుపట్టగలవాడు ఆయనొక్కడే. దాచిపెడతాం రమ్మంటే, వయోమింగ్‌లో రైఫిల్ పోటీ ఉంది, అదయ్యాకే ఏదైనా అని ఫోన్ పెట్టేశాడు.

ఆ పోటీకి వచ్చేవాళ్ళు తూటాలు ఇంట్లో నింపుకుని రారు. తూటా బిగించే చేతి ప్రెస్సు, తుపాకిమందు కొలిచే గొట్టం పెట్టెలో తెచ్చి, మడతబల్లకి బిగించి, ఆ పూట ఎండకీ గాలికీ తగ్గట్టు అక్కడే నింపుకుంటారు. వాళ్ళ మాటల్లో సగం గాలి గురించే. "గాలి తిరిగిందిరోయ్" అని ఎవడో ఒకడు అంటూనే ఉంటాడు. పోటీదారు వేషంలో ఉన్న టిస్‌డేల్ చొక్కాగుండీ మైకులోంచి ఆ మాట వెళ్ళినప్పుడల్లా కొండ మీద తుప్పలు ఉలిక్కిపడ్డాయి. పొద్దెక్కేసరికి మన ఏజెంట్లు ఎక్కడెక్కడ నక్కారో ఆ చుట్టుపక్కల జింకలన్నిటికీ తెలిసిపోయింది.

ఆరిన్ పక్కబల్ల ఒడీల్ వరెన్‌ది. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ముసలాయనకి కాపలాగా హచిన్సే ఏరికోరి పంపాడు. పట్టు రుమాలు, ఎర్రటి పెదాలు, బల్ల మీద తళతళలాడే కొత్త ప్రెస్సు, పక్కన మందు డబ్బా. ఆమె వచ్చిన దగ్గర్నుంచీ ఆరిన్ కళ్ళజోడు జేబులో పెట్టేసి, కళ్ళు చికిలించుకుని తూటాలు నింపుతున్నాడు.

"మీ చేతుల్లో ఏదో మాయ ఉందండీ," అంది ఒడీల్.

"అలవాటమ్మా, మాయేముంది," అంటూ ఆయన మెలికలు తిరిగాడు.

టిస్‌డేల్‌కి ఒళ్ళు మండింది. చూయింగ్ గమ్ ఉమ్మేద్దామని చెత్తపీపా దగ్గరికెళ్ళి, లోపలికి చూసి ఆగిపోయాడు. అడుగున, పేలిన తూటాల ఇత్తడి గొట్టాలు. అంత సన్న సైజు ఒడీల్ రైఫిల్‌దే.

మోంటానా పశువుల కొట్టాల్లో, తూటాలు నింపుకునే తండ్రి దగ్గర పెరిగాడతను. ఇక్కడివాళ్ళు పెళ్ళాన్ని పెట్రోలు బంకులో మర్చిపోయినా మర్చిపోతారుగానీ ఇత్తడిని వదలరు. మళ్ళీ నింపుకోవాల్సింది దాన్నే మరి. ఇత్తడి పారేసే మనిషికి ప్రెస్సెందుకు? ఆ బల్లంతా నాటకం సామాను. మరి ఆ మందు డబ్బా?

గబగబా ఆరిన్ బల్ల దగ్గరికొచ్చాడు. ఆయన రైఫిల్ పట్టుకుని అప్పటికే కాల్పుల వరసలోకి వెళ్ళిపోయాడు. బల్ల కింద మందు ఒలికి ఉంది.

"ఏం జరిగిందిక్కడ?" అన్నాడు.

"పాపం, నా మోచెయ్యి తగిలి ఆయన డబ్బా పడిపోయింది," అంది ఒడీల్. "నాది ఇచ్చాను. అదే కంపెనీ."

నేల మీది మందు నల్లటి పుల్లముక్కల్లా ఉంది. ఆరిన్ కొలగొట్టంలో మిగిలినది చదునైన రేకుల్లా ఉంది. అది భగ్గున మండే పిస్తోలు మందు. రైఫిల్లో పేలితే ఇనప బోల్టు వెనక్కొచ్చి మొహంలో దిగుతుంది. కొండల మీద షూటర్ ఎవడూ లేడు. ముసలాయన్ని ముసలాయన చేతే కాల్పించబోతున్నారు.

"ఫైర్," అన్నాడు రేంజి అధికారి.

ఆరిన్ చెంప రైఫిల్‌కి ఆనించాడు. వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది.

"సీజ్‌ఫైర్!" అని గొంతు చించుకున్నాడు టిస్‌డేల్.

ఆ మాట ఎవరన్నా సరే, ఎందుకని అడగరు, ముందు వేలు తీస్తారు. వరసంతా తీసింది. ఆరిన్ కూడా తీశాడు.

ఒడీల్ పర్సులోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని చివర సూది మెరిసింది. టిస్‌డేల్ ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టేసరికి అది దుమ్ములో పడింది.

"రెండేళ్ళు ట్రైనింగిచ్చారు నాకు," అంది పళ్ళు నూరుతూ.

"ఫీజు వాపసడుగు."

కొండ దిగొచ్చిన ఏజెంట్లు, ఒళ్ళంతా ముళ్ళతో, ఆమెని కారెక్కించారు. ఆరిన్ కళ్ళజోడు పెట్టుకుని ఆ రేకుల్ని చూశాడు. మొహం పాలిపోయింది.

"బాబూ, నీ రిపోర్టులో కొండ మీంచి ఎవడో కాల్చబోయాడని రాసుకో."

"ఎందుకు సార్?"

"పక్కవాళ్ళ డబ్బాలో మందు పోసుకోకూడదని నలభై ఏళ్ళుగా ఈ రేంజిలో అందరికీ నీతులు చెబుతున్నది నేనే. ఆ సంగతి బయటపడేకంటే ఆ బోల్టేదో దిగుంటే బాగుండేది."

టిస్‌డేల్ అలాగే రాశాడు. లేని షూటర్ని కొండ మీదే అడ్డుకున్నందుకు కమిటీకి మెడల్ వచ్చింది.