మూలగదిలో దగ్గు

వెస్ట్ వర్జీనియా కొండల్లో ఆ మధ్యాహ్నం నుంచీ మంచు పడుతూనే ఉంది. వంటింటి బల్ల దగ్గర ఒనైడా రేపటి నర్సు పరీక్షకి చదువుతోంది. ఎదురుగా స్నేహితురాలు వెర్డా, మొక్కజొన్న రొట్టె చిక్కుడుగింజల పులుసులో ముంచుకు తింటూ ప్రశ్నలడుగుతోంది. ముందుగదిలో ఒనైడా కూతురు జోసీ సోఫాలో పడుకుని టీవీ చూస్తోంది. దానికి ఉబ్బసం. పొద్దున్నుంచీ పిల్లికూతలు.

"నలుగురు రోగులే. ఒకడు నొప్పని అరుస్తున్నాడు. ఒకావిడకి వాంతులు. ఇంకొకడు నిన్ను బండబూతులు తిడుతున్నాడు. నాలుగో ఆయన ఇందాకటిదాకా ఆయాసపడి ఇప్పుడే సద్దుమణిగాడు. ముందు ఎవరి దగ్గరికి పోతావ్?"

ఒనైడా చూపు మూలగది తలుపు మీదికి పోయింది.

"సద్దుమణిగినోడి దగ్గరికే, మొద్దూ! అరిచేవాడికి ఊపిరాడుతోంది కదా, చప్పుడాగినోడికే ఆడుతోందో లేదో. పోయినసారీ ఇక్కడే బోల్తా కొట్టావ్. రేపు కూడా తప్పావంటే జన్మంతా ముసలాళ్ళ పక్కలు దులుపుకోవడమే," అని కోటు తగిలించుకుని వెర్డా ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఒనైడాకి జవాబు తెలియక కాదు. ఆ జవాబు చెప్పాలంటే మూలగది గుర్తొస్తుంది. బతుకంతా గనిలో బొగ్గుపొడి పీల్చిన నాన్న, ఆ గదిలో రాత్రీ పగలూ దగ్గేవాడు. కిందటి చలికాలం ఓరోజు దగ్గు ఆగింది. 'హమ్మయ్య, నిద్రపట్టింది' అనుకుని ఒనైడా ఇదే బల్ల దగ్గర చదువుకుంటూ కూర్చుంది. వెళ్ళి చూసేసరికి నాన్న ఒళ్ళు చల్లబడిపోయింది.

కరెంటు పోయింది. టీవీ ఆగింది. కిటికీలో మంచు వెలుగు తప్ప అంతా మసక. ముందుగదిలోంచి జోసీ పిల్లికూతలు సన్నగా వినిపిస్తున్నాయి.

అప్పుడు మూలగదిలో...

ఖళ్ళు... ఖళ్ళు... తడి దగ్గు. చివర్లో ఈల.

తడిసిన బొగ్గు వాసన గుప్పుమంది. ఒనైడాకి భయం కన్నా దుఃఖమే ముందొచ్చింది.

"నాన్నా?"

ఖళ్ళు... ఖళ్ళు...

ఆగిపోయింది.

ఈసారి ఆలస్యం చెయ్యలేదు. పుస్తకం విసిరికొట్టి పరుగెత్తింది. మంచం ఖాళీ. దిండు మీద తల పెట్టిన గుంట. తడిమింది... వెచ్చగా ఉంది.

చెవి పక్కనే గుసగుస. "నా దగ్గరికెందుకొచ్చావే, తల్లీ..."

ఒనైడా ఊపిరి బిగబట్టి విన్నది. ఇల్లంతా నిశ్శబ్దం. ముందుగది కూడా.

పిల్లికూతలు లేవు.

"జోసీ!"

పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు. ఒళ్ళోకి లాక్కుని, సోఫా మీదున్న ఇన్‌హేలర్ నోటికి పెట్టి నొక్కింది. "పీల్చవే బంగారం... ఒక్కసారి... నీకు దణ్ణం పెడతా..."

ఏమీ లేదు. మళ్ళీ నొక్కింది.

చిన్న ఛాతీ ఒక్కసారి ఎగిసింది. గాలి లోపలికి పోయింది. ఒనైడా బావురుమంది.

ఆ ఊపిరి వెంటే జోసీ దగ్గింది.

ఖళ్ళు... ఖళ్ళు... తడి దగ్గు. చివర్లో ఈల.

ఒనైడా పిల్ల మూతి తుడిచి, అరచెయ్యి కిటికీ వెలుగులో పెట్టి చూసుకుంది.

నల్లటి బొగ్గుపొడి.

జోసీ పుట్టాక ఏనాడూ గని మొహం చూసి ఎరగదు.