గురువారం ఆగిపోయే చక్రాలు

మలేసియాలో నిబోంగ్ తెబాల్ ఊరవతల చియా అనే తౌకేకి, అంటే ఆసామికి, ఆరు రొయ్యల చెరువులున్నాయి. ఐదింటికి మంచి పేరే. నాలుగోదాని దగ్గరికి మాత్రం గురువారం పొద్దుగూకాక పనివాళ్లెవరూ పోరు. కాపలా ఉండే పాక్ రెజాబ్, అదే రెజాబ్ పెద్దాయన, ఒక్కడే పోవాలి, ఆయన జీతమే దానికి కాబట్టి.

ఆ రాత్రి ఆ చెరువులో నీళ్లకి గాలి ఎక్కించే చక్రాలు వాటంతటవే ఆగిపోతాయి. చక్రాలు నీళ్లని చిలక్కపోతే తెల్లారేసరికి రొయ్యలు ఊపిరాడక తేలిపోతాయి. రెండు గురువారాలు... రెండుసార్లూ గంపలకొద్దీ ఎత్తిపోశారు.

దెయ్యమన్నారు పనివాళ్లు. రెజాబే కునుకు తీస్తూ ఏదో స్విచ్చి కట్టేశాడన్నాడు తౌకే. చక్రాల్ని నడిపే పెట్టె మా కంపెనీది, మూడు వారాల కిందట బిగించాం. మేమూ తౌకే మాటే నిజమని కాగితం పంపాం. మాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కాపలావాళ్ల మీద అసలే లేదు.

ఈసారి ఆగితే శుక్రవారం నుంచి రానక్కర్లేదని తౌకే రెజాబ్‌కి తేల్చేశాడు. అరవై దాటిన మనిషిని, రొయ్యల్ని చంపాడన్న పేరుతో, ఇంకెవరు పనిలో పెట్టుకుంటారు?

ఎందుకైనా మంచిదని ఆ గురువారం మా ఆఫీసు నుంచి సూయిన్‌ని పంపారు. పెట్టెలో ప్రోగ్రాం రాసింది ఆ అమ్మాయే. తను నాకు చెప్పిందే మీకు చెబుతున్నా.

ఏడున్నరకి చీకటి పడింది. తౌకే వచ్చి గట్టు మీద, ఆ నేలని కాచే దేవుడు దాతుక్ గూటి దగ్గర తమలపాకులు, కాఫీ పెట్టి, ఎర్ర దీపం వెలిగించి, రొయ్యల్ని చల్లగా చూడమని మొక్కి వెళ్లిపోయాడు. సూయిన్ చెరువు వైపు తిరిగి కూర్చుంది. రెజాబ్ కూర్చోలేదు. కూర్చుంటే నిద్రపోయాడంటారని భయం.

చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి... ఎనిమిది... ఎనిమిది దాటి పది నిమిషాలు...

చప్పుడు ఆగిపోయింది.

ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. నీళ్లు నల్లగా, కదలకుండా ఉన్నాయి. షెడ్డులో పెట్టె మీద పచ్చ లైటు వెలుగుతోంది — అంతా క్షేమం అని.

"వచ్చింది, అమ్మాయ్," అన్నాడు రెజాబ్ గొంతు తగ్గించి. "చూశావుగా. నేను కునుకు తీయలేదు."

"చూశాను, పాక్."

ఆయన బటన్ నొక్కాడు. చక్రాలు తిరిగాయి. నిమిషం కాగానే మళ్లీ ఆగాయి. కిందటి వారం తెల్లవార్లూ ఇలాగే నొక్కానని, నమ్మేవాడే లేడని చెప్పాడు.

సూయిన్ పెట్టెకి లాప్‌టాప్ తగిలించింది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందని పెట్టె అనుకుంటోందో చూసింది. ఐదో ఆరో ఉండాల్సిన చోట — యాభైమూడు కోట్ల పైచిలుకు. అంత గాలి మలక్కా జలసంధి మొత్తం పిండినా రాదు.

ముందు రొయ్యల్ని బతికించాలని పెట్టెని పక్కకి తప్పించి చక్రాలకి నేరుగా కరెంటు కలిపింది. నీళ్లు మళ్లీ చిలకసాగాయి. తర్వాత టార్చి పట్టుకుని ఆక్సిజన్ కొలిచే సెన్సార్ తీగ వెంట వెళ్లింది. తీగ షెడ్డు గోడ దాకా వెళ్లి... నేల మీద పడి ఉంది. గోడకి ఉన్న ఒక్క ప్లగ్గులో దాతుక్ గారి దీపం తీగ ఉంది.

ఫోన్ చేస్తే తౌకే పరుగెత్తుకొచ్చాడు. దీపం కోసం ప్రతి గురువారం తనే ఊడబీకి, తెల్లారాక తనే పెడతానని ఒప్పుకున్నాడు. "తీగ ఊడితే పెట్టె కేక పెడుతుందని మీరే చెప్పారుగా. పెట్టలేదు. పర్లేదనుకున్నా."

అదీ నిజమే. ఆ కేక సూయిన్ రాసిందే. పెట్టెలోని చిప్పులోకి ఎక్కిన ప్రోగ్రాం తెరిచి ఆ వాక్యం కోసం వెతికింది. దాని ముందుది ఉంది. తర్వాతది ఉంది. అది — లేదు.

చిప్పు గంటకోసారి సెన్సార్ ఎక్కడుందో వెతుక్కుంటుంది. దొరక్కపోతే చిరునామా సున్నా అని వస్తుంది, అంటే ఎక్కడా లేదని. పెద్ద కంప్యూటర్లో సున్నా గుమ్మం తొక్కితే మెడపట్టి గెంటేస్తారు. ఈ బుల్లి చిప్పులో గెంటేవాళ్లు లేరు. పైగా ఆ సున్నా నంబరు ఇంట్లో నిజంగానే ఒక పెద్ద అంకె కాపురం ఉంటుంది, చిప్పు నిద్రలేవడానికి దాచుకున్నది. ప్రోగ్రాం దాన్నే ఆక్సిజన్ అనుకుని చదివి, ఇంత గాలుంటే చక్రాలెందుకని ఆపేసింది.

'సున్నా అయితే కేక పెట్టు' అని సూయిన్ రాసింది. కాకపోతే ముందు ఆ చిరునామాలో ఉన్నది చదివి, తర్వాత అది సున్నానా అని అడిగింది. మనం రాసింది చిప్పు భాషలోకి మార్చే కంపైలర్ మహా తెలివైనది. చదివేశావంటే ఆ చిరునామా సున్నా కాదన్నమాట, కానప్పుడు ఈ ప్రశ్న దండగ, అని ఆ వాక్యాన్ని పీకి పారేసింది. పీకానని ఒక్క ముక్క చెప్పలేదు. ఆఫీసులో పరీక్షించేటప్పుడు దాని పొదుపు బుద్ధిని కట్టేసి ఉంచుతాం, అందుకని అక్కడ కేక బ్రహ్మాండంగా వినబడింది. చెరువుకి పంపేటప్పుడు చిప్పులో చోటు చాలదని మేమే విప్పి వదిలాం.

"ఆయన తప్పు కాదు, తౌకే. నాది," అంది సూయిన్.

తౌకే జేబులోంచి సిగరెట్ తీసి రెజాబ్‌కిచ్చి తనే అంటించాడు. అంతకు మించి క్షమాపణ ఆ మనిషికి చేతకాదు.

సోమవారం సూయిన్ ఆ రెండు వాక్యాల వరస మార్చింది. అలాంటి ప్రశ్నల జోలికి పోవద్దని కంపైలర్‌కీ ఆజ్ఞ పెట్టింది. అక్కడితో ఊరుకోవచ్చుగా? అదే పెట్టె మూడు వందల చెరువుల్లో ఉందని గుర్తొచ్చి పాత ఫిర్యాదులు తీసింది. చక్రాలు వాటంతటవే ఆగాయన్నవి పంతొమ్మిది.

రాత్రి ఏం జరిగిందో చూసినవాణ్ణే అడుగుదామని మొదటి చెరువుకి ఫోన్ చేసి కాపలాదారుని పిలవమంది.

"ఆ నిద్రమొహం వాడా? ఎప్పుడో పంపించేశాం," అన్నాడు అవతలి తౌకే.

రెండో చెరువులోనూ లేడు... మూడోదాంట్లోనూ... సాయంత్రానికి పంతొమ్మిదీ అయ్యాయి. ఒక్క పాత కాపలాదారూ లేడు.

సూయిన్ ఆ కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కాపలాదారు నిర్లక్ష్యమే కారణం అని ప్రతిదాని కిందా జవాబుంది. ఆ జవాబు కింద సంతకం నాది.