చిజురు పేరు పక్కన ఖాళీ

“బోర్డులో ఒక్క ఆడమనిషి కూడా లేదట! అందుకని నన్ను ప్రెసిడెంటు పదవి నుంచి దించేయమంటోంది ఆ మాయదారి యంత్రం!”

కోహేయి ఉత్తరాన్ని అన్నం గిన్నె పక్కన విసిరికొట్టాడు. షోదో ద్వీపంలో నాలుగు తరాలుగా సోయా సాస్ తయారుచేస్తున్న తమ కంపెనీలో ఎక్కువ వాటాలు టోక్యో పెట్టుబడి సంస్థలవి. ఓటు ఎవరికి వెయ్యాలో ఆ సంస్థలు ఇప్పుడు మనుషుల్ని అడగడం మానేశాయి. వాటాదారుల సమావేశం నోటీసు చదివి కృత్రిమ మేధ ఏం చెబితే అదే ఓటు! జూన్ సమావేశానికి గట్టిగా రెండు నెలలు కూడా లేవు.

“పోనీ, నీ పేరు పెట్టేస్తాను చిజురూ! ఇంట్లో ఆడమనిషిని పెట్టుకుని ఊరంతా వెతకడమెందుకు?” అన్నాడు భార్యతో.

పులుసు వడ్డిస్తున్న చిజురు గరిటె గిన్నెలో పెట్టేసింది. ముప్పై ఏళ్ళ కాపురంలో కంపెనీ విషయంలో భర్తకు తను గుర్తుకు రావడం ఇదే మొదటిసారి... అదీ ఒక యంత్రం ఆడమనిషి కావాలన్నందుకు!

సాయంత్రానికి నోటీసు చిత్తుప్రతి తయారైంది. చిజురు పేరు, పుట్టిన తేదీ. అనుభవం అన్నచోట ‘గృహిణి’ అని ఒక్క ముక్క. ఆ కింద అంతా ఖాళీ. పంపేముందు అలాంటి యంత్రానికే చూపిస్తే, ‘అనుభవం లేదు, వ్యతిరేకం’ అంది.

“నీకు మాత్రం రాయడానికేముంది చెప్పు?” అన్నాడు కోహేయి, మనసులో ఏ చెడూ లేకుండానే. అదే ఆమెకు మరీ గుచ్చుకుంది!

ఏమని చెప్పగలదు? ఇరవై రెండేళ్ళ క్రితం ఒక విషజ్వరం మామగారు, కంపెనీ ఛైర్మన్ గెన్సాకు నోటి రుచినీ ముక్కు వాసననూ పట్టుకుపోయింది. ఏ పీపాలో సాస్ పక్వానికి వచ్చిందో ఆయన నాలుకే చెప్పాలని ద్వీపమంతా నమ్ముతున్న రోజులవి. పీపాల గదిలో కోడలి చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడాయన. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ఆమె రుచి చూసి ఆయన చెవిలో చెప్పేది. ఆయన పనివాళ్ళకు చెప్పేవాడు. ఈ సంగతి కోహేయికి కూడా తెలియదు. మామగారి పరువు కోసం ఆమె కడుపులోనే దాచుకుంది!

“రాయరా కోహేయీ!” అంటూ గెన్సాకు కర్ర ఊతంగా లోపలికొచ్చాడు. “ఇరవై రెండేళ్ళుగా ప్రతి పీపా తీర్పూ నీ పెళ్ళానిదే. నాకు ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలీదు.”

“మామయ్యగారూ, వద్దు! ఊరంతా నవ్వుతుంది...”

“నవ్వనీయమ్మా. నువ్వు దాచుకుంది చాలు!”

కోహేయి తండ్రి వైపు తిరిగాడు. “అంటే... మనకి బహుమతులు తెచ్చిన సాస్ అంతా...?”

“ఈ పిల్లదేరా, వెధవా!”

కోహేయి కలం తీశాడు. “ఏ ఏడు ఏం చేశావో నువ్వే చెప్పు చిజురూ... పక్కనే ఉండి కూడా చూడలేకపోయాను,” అన్నాడు తలెత్తకుండా. ఆమె కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. పేజీ నిండిపోయింది.

ఆ నోటీసు చదివి యంత్రం చిజురుకు అనుకూలమంది, కోహేయికీ అనుకూలమంది. ఛైర్మన్ గెన్సాకుకు మాత్రం వ్యతిరేకం! ఇన్నేళ్ళు వాటాదారుల దగ్గర నిజం దాచాడట.

“దానికి బుర్ర బాగానే ఉందే!” అని ముసలాయన పకపకా నవ్వాడు. ఇలా అవుతుందని ఆయనకు ముందే తెలుసు.

సమావేశంలో ఒక పెద్దమనిషి లేచి, “మమ్మల్ని మోసం చేశారా?” అని నిలదీశాడు. గెన్సాకు నడుము విరిగేలా వంగి నమస్కరించాడు. “చేశాను, క్షమించండి. సాస్ మాత్రం మోసం కాదు. అది నా కోడలి చలవ!”

ఓట్లు లెక్కతేలాయి. చిజురు, కోహేయి నెగ్గారు, గెన్సాకు ఓడిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళు కూర్చున్న కుర్చీలోంచి ఆయన లేచాడు. చిజురు పరుగున వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని భోరుమంది. “ఎందుకిలా చేశారు మామయ్యగారూ! నేనడిగానా?”

“అడగలేదనే కదా తల్లీ ఇన్నాళ్ళు నేను ఊరుకున్నది...” అన్నాడు గెన్సాకు. ఆ కుర్చీని తన చేత్తోనే వెనక్కి జరిపి, కోడల్ని అందులో కూర్చోబెట్టాడు.