కారు అద్దం కేసు

"నొక్కు. ఇంకోసారి నొక్కు," అంది అమ్మ.

వెనక సీట్లో కూర్చున్న బుడంకాయ తన తలుపు మీదున్న బటన్ మళ్లీ నొక్కాడు. అద్దం కదల్లేదు. సగానికి దిగి, అక్కడే మొండికేసింది.

అమ్మ ముందు సీట్లోంచి తన దగ్గరున్న బటన్ నొక్కి చూసింది. ఊహూఁ! ఇంజను ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి నొక్కింది. మిగతా అద్దాలన్నీ బుద్ధిగా లేచాయి, దిగాయి. ఇదొక్కటే ఉలకదు, పలకదు.

ఆ రోజు ఒంటిపూట బడి. పిల్లలిద్దరినీ ఎక్కించుకుని అమ్మ అప్పుడే ఇంటికి వచ్చింది. ఆకాశమంతా నల్లగా మూసుకొస్తోంది. ఆ కారు వయసులో బుడంకాయ వాళ్లక్క కంటే పెద్దది. దానికి మూలుగులూ కీళ్ల నొప్పులూ మామూలే. కానీ వాన వచ్చేలోపు అద్దం మూసుకోకపోతే సీట్లన్నీ తడిసి ముద్దవుతాయి.

"అమ్మా, మరేమో... మరేమో నేను..." అని మొదలుపెట్టాడు బుడంకాయ.

బుడంకాయకు ఆరేళ్లు. పొట్టిగా, గుండ్రంగా ఉంటాడని పిన్ని ముద్దుగా పెట్టిన పేరది. వాడు ఏం చెప్పాలన్నా ముందు బోలెడన్ని 'మరేమో'లు రావాలి. ఆ తర్వాతే అసలు మాట బయటికి వస్తుంది.

అంతసేపు ఆగే ఓపిక వాళ్లక్కకు లేదు. ఆమెకు పదేళ్లు. ఇంట్లో ఏం జరిగినా ఎవరు చేశారో, ఎందుకు చేశారో చిటికెలో తేల్చేస్తుంది. అందుకే పిన్ని ఆమెను జడ్జమ్మ అంటుంది. ఆ పేరంటే జడ్జమ్మకు మహా గర్వం. పాపం, అది మెచ్చుకోలే అనుకుంటోంది.

"నాకు తెలుసమ్మా!" అంది జడ్జమ్మ. "వీడి చేతిలో జ్యూస్ సీసా చూడు. బటన్ మీద ఒలకబోసి ఉంటాడు. అది లోపలికి పోయి మోటారు కాలిపోయింది. అంతే!"

"కాదు! మరేమో... తలుపు..."

"తలుపు మీద కూడా పోశావా?"

"కాదక్కా! మరేమో తలుపు ఉంది కదా..."

"ఉంది. దాని మీదే పోశావు. చూశావా అమ్మా, వాడే ఒప్పుకున్నాడు."

అమ్మ వాచీ చూసుకుంది. ఆమె ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి టైమవుతోంది. అద్దం దిగిపోయిన కారును తీసుకెళ్లి వానలో వదిలేయడానికి లేదు, బస్సు పట్టుకోవాలి. బుడంకాయ మాట పూర్తయ్యేదాకా నిలబడే తీరిక ఆమెకు లేదు. జడ్జమ్మ మాటేమో గడగడా, నమ్మేటట్టుగా ఉంది.

"ఎన్నిసార్లు చెప్పాన్రా, బటన్లతో ఆడొద్దని!" అని విసుక్కుంది అమ్మ. "ఇక నుంచి నీకు కిటికీ పక్క సీటు లేదు. మధ్యలో కూర్చో."

పక్క వీధిలో ఉండే పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని వీధి మలుపు తిరగడం చూసి, బ్యాగు భుజాన వేసుకుని బస్టాపు వైపు పరుగెత్తింది.

కిటికీ పక్క సీటంటే బుడంకాయకు ప్రాణం. దారిలో కనిపించే ప్రతి కుక్కకూ అక్కడి నుంచే టాటా చెబుతాడు. మధ్యలో కూర్చుంటే ముందు సీటు వీపు తప్ప ఏమీ కనిపించదు. వాడు ఏడవలేదు. సీసాను సీట్లోనే వదిలేసి, ఇంట్లోకి వెళ్లి, భోజనాల బల్ల కింద దూరాడు.

"ఏమే జడ్జమ్మా, పేషెంటు ఎలా ఉంది?" అంటూ వచ్చింది పిన్ని. ఆమె లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తుంది. పనిముట్ల సంచి లేకుండా గడప దాటదు.

"కేసు తేలిపోయింది పిన్నీ. మోటారు కాలిపోయింది. బుడంకాయ జ్యూస్ పోశాడు."

"అబ్బో! అన్నీ నువ్వే తేల్చేస్తే ఇంక నేనెందుకే?"

పిన్ని కారు తాళం తిప్పి, వెనక తలుపుకు చెవి ఆనించి, బటన్ నొక్కింది.

"ఏమైనా వినిపించిందా?"

"లేదు."

"నాకూ లేదు. మోటారు తిరగలేకపోతే కనీసం మూలగాలి. ఇది ఆ పాటి కూడా చేయట్లేదు. అసలు కరెంటు దాని దాకా వస్తోందో లేదో." తర్వాత సీట్లో ఉన్న జ్యూస్ సీసా చేతిలోకి తీసుకుంది. "ఒలికిందన్నావు, ఇదేనా?"

"అదే!"

పిన్ని సీసాను జడ్జమ్మ చేతికిచ్చింది. సీసా నిండుగా ఉంది. మూత సీలు కూడా తీయలేదు.

జడ్జమ్మ ముఖం ఎర్రబడింది.

పిన్నికి పనిలో ఒక పద్ధతి ఉంది. లిఫ్టు ఆగిపోయిందని ఎవరు పిలిచినా, ఎవరు పాడుచేశారని అడగదు. ఆగే ముందు అదేం చేసిందని అడుగుతుంది. అప్పుడు లోపల ఉన్నవాళ్లతో మాట్లాడనిదే స్క్రూడ్రైవర్ బయటికి తీయదు.

"సరే, అద్దం ఆగిపోయే ముందు ఏం చేసింది?"

"నాకేం తెలుసు? నేను అటు పక్క కూర్చుని పుస్తకం చదువుకుంటున్నా."

"మరి ఇటు పక్క ఎవరున్నారు?"

"వాడే."

"వాణ్ణి అడిగావా?"

అడిగానని చెప్పబోయింది జడ్జమ్మ. అంతలోనే వాడు ఎన్నిసార్లు మొదలుపెట్టాడో, తాను ఎన్నిసార్లు అడ్డుపడిందో గుర్తొచ్చింది. ఆమెకు చాలా సిగ్గేసింది.

వెళ్లి బల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"ఒరేయ్, అద్దం ఎలా ఆగిపోయిందిరా?"

"నేను చెప్పను. నేను చెబుతుంటే నువ్వే చెప్పేస్తావు."

ఆ మాట చురుక్కుమంది. జడ్జమ్మ కూడా బల్ల కిందికి దూరింది. తల టంగుమని తగిలింది. బుడంకాయకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాడు.

"ఈసారి చెప్పను. ఒట్టు. నువ్వే చెప్పు."

"మరేమో..." అని ఆగాడు వాడు.

జడ్జమ్మ నాలుక దురద పెట్టింది. పెదవులు గట్టిగా బిగించుకుంది.

"మరేమో... బడి దగ్గర కారెక్కాను కదా... మరేమో ఒక కుక్కపిల్ల వచ్చింది. తెల్లది. కాదు, గోధుమ రంగుది. కాదు, తెల్లదే, బురదలో పడింది..."

కుక్కపిల్ల ఎందుకురా మధ్యలో అనబోయి, మింగేసింది జడ్జమ్మ.

"...దానికి టాటా చెబుదామని అద్దం దింపాను. అప్పుడు తలుపు కొంచెం తీసే ఉంది. అద్దం దిగుతోంది, దిగుతోంది... మరేమో అమ్మ తలుపు వెయ్యమంది. వేశాను. ఠక్కున ఆగిపోయింది. తలుపు వేస్తే అది నిద్రపోతుందక్కా! మొన్న కూడా అలాగే పడుకుంది. నేను అదే చెబుతున్నా!"

జడ్జమ్మ వాడి చెయ్యి పట్టుకుని బయటికి పరుగెత్తింది. "పిన్నీ! వీడు చెప్పేది విను!"

విన్నాక పిన్ని కళ్లు మెరిశాయి. జడ్జమ్మను బటన్ పైకి పట్టుకోమంది. బుడంకాయను తలుపు మెల్లగా తెరవమంది. కొంచెం తెరిచాడు. ఏమీ లేదు. ఇంకొంచెం తెరిచాడు. గుర్‌ర్‌మంటూ అద్దం కదిలింది.

"ఆగు! తలుపు అక్కడే పట్టుకో నాన్నా!"

చినుకులు మొదలయ్యాయి. బుడంకాయ రెండు చేతులతో తలుపును కదలకుండా పట్టుకున్నాడు. అద్దం నింపాదిగా పైదాకా వెళ్లి మూసుకుంది. ముగ్గురూ కేకలు పెట్టుకుంటూ ఇంట్లోకి పరుగెత్తారు.

వాన తగ్గాక పిన్ని తలుపు సందులో ఉన్న రబ్బరు గొట్టాన్ని వెనక్కి లాగింది. దాని గుండా సన్నటి తీగలు తలుపులోకి వెళ్తున్నాయి. అందులో ఒకటి తెగి ఉంది.

"తలుపు తీసినప్పుడల్లా ఇది వంగుతుంది," అంది పిన్ని. "ఇన్నేళ్లు వంగి వంగి తెగిపోయింది. తలుపు కాస్త తీస్తే రెండు కొసలూ తగులుతున్నాయి, వేస్తే విడిపోతున్నాయి. ఎవరూ ఏ పాపమూ చేయలేదు."

బ్యాటరీ కనెక్షను తీసి, కొత్త తీగ ముక్క అతికి, టేపు చుట్టింది. బుడంకాయ టార్చిలైటు పట్టాడు. టేపు కొస జడ్జమ్మ పట్టుకుంది.

"తప్పు నాదేరా," అంది తమ్ముడితో మెల్లగా.

"అమ్మకి కూడా చెబుతావా?"

"చెబుతా."

సాయంత్రం అమ్మ వచ్చింది. చెప్పులైనా విప్పకుండా, "అద్దం మూసుకుందే! ఏమైందట?" అని అలవాటుగా జడ్జమ్మ వైపు చూసింది.

తీగ, గొట్టం, టేపు, అన్నీ వరసగా జడ్జమ్మ నాలుక మీదికి వచ్చేశాయి. అర నిమిషంలో చెప్పేయగలదు.

"వాణ్ణి అడుగమ్మా. అక్కడ కూర్చున్నది వాడే," అంది.

బుడంకాయ గొంతు సవరించుకున్నాడు. "మరేమో... కుక్కపిల్ల వచ్చింది..."

అమ్మ బ్యాగుతో అలాగే నిలబడి వింటోంది. జడ్జమ్మ లేచి ఆమెకు కుర్చీ వేసింది.

"...మరేమో నేను చెబుతుంటే అక్క వినలేదు. జ్యూస్ పోశానని అబద్ధం చెప్పింది."

అబద్ధం కాదు, పొరపాటు! ఆ మాట జడ్జమ్మ పెదవుల దాకా వచ్చింది. చెవులు వేడెక్కాయి. అమ్మ ఆమె వైపు తిరిగింది.

"నిజమేనా?"

"నిజమే అమ్మా. చూడకుండా చెప్పేశాను. వాడి సీటు వాడికి ఇచ్చెయ్."

అమ్మ బుడంకాయను దగ్గరికి లాక్కుంది. జడ్జమ్మ వాడికి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఊఁ, చెప్పరా. తర్వాత?"