శ్రీకారం చుట్టకూడని చోటు

ఊరికే ఇచ్చే సరుకును నేను నమ్మను. కంకిపాడులో చేపల చెరువులకు మేత, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు అమ్ముకుంటాను. ఉచితం అన్నవాడు వెనకాల ఏదో ఒకటి అంటగడతాడని అనుభవం మీద తెలుసు.

అందుకే సుధామణి అనే ఆవిడ రాసి నెట్‌లో ఊరికే పెట్టిన పైథాన్ లైబ్రరీని మొదట అనుమానంగానే చూశాను. చెరువులో పెట్టిన మీటరు అంకెలు చదివి, నీళ్ళలో ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుందో ముందే చెప్పే ప్రోగ్రాం అది. ఓపెన్ సోర్స్. ఎవరైనా తీసుకోవచ్చు, వాడుకోవచ్చు, బాగు చేయొచ్చు.

తీసుకున్నాను. పూటంతా తంటాలు పడ్డా ఇన్‌స్టాల్ కాలేదు. కోపమొచ్చి ఆ ప్రోగ్రాం పెట్టిన వెబ్ పేజీలోనే ఫిర్యాదు రాశాను: "సరుకు బంగారం. షాపుకి మెట్లే లేవు. కొనేవాడు గోడ దూకి రావాలా?" అలవాటు కొద్దీ కింద నా పేరు, నంబరు పెట్టాను.

గంటలో ఫోను మోగింది.

"గంగాప్రసాద్ గారా? గోడ కట్టింది నేనేనండీ, సుధామణిని. ఎలా ఎక్కించుకోవాలో మూడు లైన్లలో అంత శుభ్రంగా రాస్తే మీకేంటి కష్టం?"

"ఆ మూడూ బానే ఉన్నాయండీ. వాటికి ముందుండాల్సిన లైనే లేదు."

"ఏ లైను?"

"అసలు పైథాన్ అనేదొకటి ముందే ఎక్కించుకోవాలని."

అవతల నుంచి నవ్వు. నా మనసులో ఆమె పేరున ఖాతా తెరుచుకున్నది అక్కడే.

ఆమెది మా ఊరికి దగ్గర్లోని పటమట. ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, ఈ లైబ్రరీ సొంత సరదా. ఆదివారాలు వాళ్ళ మేడ మీద రేకుల కింద కూర్చుని పేజీలోని సూచనలు తిరగరాయడం మొదలుపెట్టాం. పైన వాన, కింద మా వాదన.

"మీరు రాసే డాక్యుమెంటేషన్ రేట్ల బోర్డులా ఉందండీ," అనేది.

"రేట్ల బోర్డు అర్థంకాక వెనక్కెళ్ళినవాణ్ని నేను చూళ్ళేదండీ."

ఓ ఆదివారం ఆమె నవ్వలేదు.

"రైతులు ఆఫీసు టైములో ఫోన్లు చేస్తున్నారు. ఒక్కళ్ళకీ సొంతంగా ఎక్కట్లేదు. మేనేజరు చేత మాట పడ్డాను. నెలాఖరుకి దీన్ని మూసేస్తా."

లెక్క వేసుకున్నాను. మూసేస్తే నా ఆదివారాలు పోతాయి. సూచనలు పూర్తిగా బాగుపడినా పోతాయి, ఇక నాతో పనేముంటుంది? రెండు వైపులా నష్టమే. ఆమె నవ్వు మిగిలే నష్టాన్ని ఎంచుకున్నాను.

"ఒక్క పరీక్ష పెడదాం. మా చెరువులు చూసేది మా అమ్మ. వాట్సాప్ తప్ప కంప్యూటర్ ముట్టలేదు. పేజీ చూసి ఆవిడే ఎక్కించుకుంటే మీరు మూయకూడదు."

"మనిద్దరం నోరు మెదపకూడదు. మీరు ముఖ్యంగా. షాపులో డబ్బా మూత కూడా మీరే తీసిస్తారట, మొన్న మీ ఫోను ఎత్తినప్పుడు మీ అమ్మగారు చెప్పారు."

తర్వాతి ఆదివారం మా ఇంట్లో మా అమ్మ నాంచారమ్మ కళ్ళజోడు పెట్టుకుని, లాప్‌టాప్ మూతకి పసుపు బొట్టు పెట్టి కూర్చుంది. పేజీలో చెప్పినట్టే కంప్యూటర్‌కి ఆదేశాలిచ్చే నల్ల కిటికీ తెరిచింది. కొత్త పని కదా, ముందు ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీ అని కొట్టి, దాని పక్కనే మేమిచ్చిన లైను కొట్టింది. కిటికీ నిండా ఎర్ర అక్షరాలు.

"శ్రీ రాస్తే ఒప్పుకోదేంట్రా ఇది?" అంది అమ్మ, దేవుడికే అవమానం జరిగినట్టు.

సుధామణి చున్నీ నోట్లో కుక్కుకుంది. తర్వాత నెమ్మదిగా, "తప్పు ఆంటీది కాదు, పేజీది," అని తనే కూర్చుని రాసింది: "శ్రీకారం కాగితం మీద చుట్టుకోండి. నల్ల కిటికీలో కింది లైను ఒక్కటే కొట్టండి. ఎర్ర అక్షరాలొస్తే ఏమీ చెడిపోలేదు. సరిచూసుకుని మళ్ళీ కొట్టండి."

"ఇంకొక్కసారి ఆంటీ. ఇదే ఆఖరు."

అమ్మ కాగితం మీద శ్రీ రాసి, లైను కొట్టింది. డౌన్‌లోడ్ గీత సగానికొచ్చి ఆగింది. వానకి నెట్ మందగించింది. అమ్మ వేలు ఎటో వెళ్ళబోయింది. నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. సుధామణి టక్కున నా మణికట్టు పట్టేసింది.

అమ్మ పేజీలోకి చూసి, పైకే చదువుకుంది. "గీత ఆగితే ఆగండి. ఏమీ నొక్కకండి." వేలు వెనక్కి తీసుకుంది. గీత కదిలింది. చివర మా చెరువు ఆక్సిజన్ అంకె తెర మీద పడింది.

"వచ్చిందా?" అంది అమ్మ.

"వచ్చింది ఆంటీ! మూయను, ఇక మూయనే మూయను!"

"మంచిది. మరి మావాడి చెయ్యి ఇంకా పట్టుకునున్నావేంటమ్మా?" అమ్మ వెనక్కి తిరగనేలేదు. నల్ల కిటికీలో మా ఇద్దరి బొమ్మలూ అద్దంలో పడ్డట్టు పడ్డాయి.

నా మణికట్టు మీద పట్టు సడలలేదు.

"వదలమంటారా అత్తయ్యా?"

అప్పటిదాకా ఆంటీ అన్న పిల్ల.

అమ్మ కళ్ళజోడు తీసి, కుర్చీ ఇటు తిప్పింది.

"ఎందుకొదలడం? మీ అమ్మగారి నంబరు చెప్పు. ఆ ఫోను నేను చేసుకోగలను, దానికి పేజీ అక్కర్లేదు."